మన ఎడిటర్‌కి టూల్‌బార్ ఎలా పెట్టాలి? 46 బటన్లు పెట్టి తిట్లు తింటున్నా

కృష్ణలంక_కోడర్ | ఆదివారం రాత్రి 10:40

అందరికీ నమస్తే. ఉండేది విజయవాడ, పగలు ఉద్యోగం, రాత్రిళ్లు సొంత గోల. ఆ గోల ఏంటంటే దస్తావేజులు, అర్జీలు, నోటీసులు తెలుగులో టైప్ చేసేవాళ్ల కోసం చిన్న వర్డ్ ప్రాసెసర్ ఒకటి రాస్తున్నా. గుంటూరులో మా పెద్దమ్మ కొడుక్కి డాక్యుమెంట్ రైటింగ్ షాపు ఉంది, టైపింగు, జిరాక్సు, పాస్‌పోర్టు ఫొటోలు అన్నీ అక్కడే. ముందు అక్కడే పెట్టి చూస్తున్నా. లోపలి పని బాగానే నడుస్తోంది, వత్తులు విరగట్లేదు, పేజీలు సరిగ్గానే తెగుతున్నాయి. చిక్కంతా పైన బటన్ల దగ్గరే. రెండు వరుసల టూల్‌బార్, మొత్తం 46 బటన్లు. నాకైతే ముచ్చటగానే ఉంది. షాపులో టైప్ చేసే అక్క మాత్రం చూడగానే "ఇదేంటి తమ్ముడూ, పెళ్లింటికి సీరియల్ లైట్లు వేసినట్టుంది" అంది. ఏది తీసేయాలో తెలియట్లేదు, ఏది తీసినా ఎవరికో ఒకరికి కావాల్సిందే కదా. మెనూలు పెట్టనా, రిబ్బన్ (ఇప్పటి వర్డ్‌లో పైన ట్యాబుల కింద బటన్లు గుంపులుగా పరిచే పట్టీ) పెట్టనా, రెండూనా? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

బ్రాడీపేట_బాబాయ్ | ఆదివారం రాత్రి 11:15

బాబూ, మేం నేర్చుకున్నప్పుడు బటనే లేదు, మౌసూ లేదు. వర్డ్‌స్టార్ అని 1978లో వచ్చిన సరుకు. బ్లాకు, అంటే ఎంచుకునే మేటరు, మొదలుపెట్టాలంటే కంట్రోల్ కె, బి. ముగించాలంటే కంట్రోల్ కె, కె. సేవ్ చేసి ఫైలు మూసేయాలంటే కంట్రోల్ కె, డి. ఇప్పటికీ నిద్రలో లేపి అడిగినా చెప్తా, మా ఆవిడ ఫోన్ నంబర్ మాత్రం ఫోన్‌లో చూడాల్సిందే.

నవ్వుకోండి గానీ అందులో ఒక తెలివైన ఏర్పాటు ఉండేది. కంట్రోల్ కె నొక్కి తర్వాత ఏం నొక్కాలో తెలియక ఆగామనుకో, కాసేపటికి మెనూ దానంతటదే పైన వచ్చేది. వెంటనే డి నొక్కేస్తే మెనూ రాకుండానే పని అయిపోయేది. అంటే తెలిసినవాడికి అడ్డం రాదు, తెలియనివాణ్ణి గాలికొదిలేయదు. పైన కనపడే సహాయం కూడా చెయ్యి తిరిగేకొద్దీ 3 నుంచి 0 దాకా తగ్గించుకోవచ్చు, తగ్గించినకొద్దీ పేజీకి చోటు పెరుగుతుంది. నీ 46 బటన్లలో అలాంటి ఇంగితం ఉందా?

ఏలూరురోడ్_డీటీపీ | సోమవారం ఉదయం 9:05

రిబ్బన్ గిబ్బన్ ఏం వద్దు. పాతికేళ్లుగా పేజీలు పెడుతున్నా, మెనూ అంటే పై నుంచి కింద దాకా చదువుకుంటూ పోయే పట్టిక, ఏ పని ఎక్కడుందో మాటల్లో గుర్తుంటుంది. రిబ్బన్‌లో ఒక బటన్ పెద్దది, ఒకటి చిన్నది, ఒకటి బాణం గుర్తు కింద దాక్కుంటుంది. పైగా కిటికీ చిన్నది చేస్తే బటన్లన్నీ ముడుచుకుపోయి వేరే ఆకారంలోకి మారిపోతాయి. మా కుర్రాళ్లకి ఫోన్‌లో "ఇన్సర్ట్ మెనూలోకి వెళ్లు, కింద నాలుగోది నొక్కు" అని చెప్తే అర్థమయ్యేది. ఇప్పుడేమో "ఆ నీలం బొమ్మ పక్కన, కాదు కాదు, దాని కింద చిన్న బాణం" అంటూ పావుగంట.

బెంజిసర్కిల్_డిజైనర్ | సోమవారం మధ్యాహ్నం 1:20

అన్నా, మీ బాధ నిజమే గానీ రిబ్బన్ ఎవరి సరదా కోసమో రాలేదు, దాని వెనక పెద్ద కథ ఉంది. విండోస్ కోసం మొదటి వర్డ్ 1989లో వచ్చినప్పుడు టూల్‌బార్లు రెండే. వర్డ్ 97 నాటికి 18. వర్డ్ 2003 వచ్చేసరికి 31 టూల్‌బార్లు, అవి చాలవన్నట్టు పక్కన తెరుచుకునే పేన్లు 19. కొత్త సౌకర్యం వచ్చినప్పుడల్లా దానికో టూల్‌బార్ కట్టి మూలన పడేశారు, మనం అటకెక్కించే సామాన్లలాగా. చివరికి జనం "ఈ సౌకర్యం పెట్టండి" అని అడుగుతున్న వాటిలో చాలా మటుకు అప్పటికే వర్డ్‌లో ఉన్నవేనని తేలింది. ఉంది, కానీ కనపడదు. ఆ పరిస్థితిలో ఆఫీస్ 2007కి రిబ్బన్ కట్టారు.

కోడర్ తమ్ముడూ, నీకు పనికొచ్చేది ఇంకోటి. ఆ రిబ్బన్ టీంలో ఉన్న జెన్సన్ హారిస్ అప్పట్లో లెక్కలతో సహా రాశాడు. వర్డ్ 2003లో జనం వాడే ఆదేశాలన్నిటిలో పేస్ట్, సేవ్, కాపీ, అన్‌డూ, బోల్డ్, ఈ అయిదే దాదాపు 32 శాతం. ఒక్క పేస్టే 11 శాతం పైన. అన్ని వందల ఆదేశాల్లో మూడో వంతు పని అయిదింటిదే. అందుకే 2007లో పేస్ట్ బటన్ అంత పెద్దగా ఎడమ చివర కూర్చుంది.

ఇంకో ముచ్చట కూడా చెప్పాలి. దానికి ముందు ఆఫీస్ 2000లో "తక్కువ వాడేవి దాచేద్దాం" అని ఒక ప్రయత్నం చేశారు. మెనూ తెరిస్తే ఈమధ్య నువ్వు వాడినవే కనపడతాయి, మిగతావి కావాలంటే అడుగున రెండు బాణాల గుర్తు నొక్కాలి, లేదా అలా ఆగి చూస్తుండాలి. వినడానికి బాబాయ్ గారి వర్డ్‌స్టార్ తెలివిలాగే ఉంటుంది. కానీ నిన్న మూడోదిగా ఉన్నది ఇవాళ అయిదోది అవుతుంది, చెయ్యి ఒక చోటికి అలవాటు పడేలోపు ఆ చోటు మారిపోతుంది. ఎక్కువమంది "ఎప్పుడూ పూర్తి మెనూలే చూపించు" అనే టిక్కు వెతుక్కుని పెట్టుకున్నారు.

కృష్ణలంక_కోడర్ | సోమవారం రాత్రి 9:50

అన్నా సూపర్. అంటే అయిదు బటన్లు పెట్టేసి చేతులు దులుపుకోవచ్చా 😀

ప్రూఫుల_పద్మక్క | సోమవారం రాత్రి 10:30

అలా దులుపుకోకు నాయనా. మూడో వంతు అయిదింటిది అంటే మిగతా రెండు వంతులు మిగతా వాటివి, ఆ సంగతి వదిలేస్తే ఎలా? అయినా అది లోకమంతా కలిపిన లెక్క, ఆ లెక్కలో మన గుంటూరు దస్తావేజుల షాపు వాటా ఎంత? ఇక్కడ మమ్మల్ని అడిగే బదులు ఒక పూట ఆ అక్క పక్కన స్టూలు వేసుకుని కూర్చో. నోరు మూసుకుని కూర్చోవాలి, "అక్కా, దానికి బటన్ ఉందిగా" అనకూడదు. కాగితం మీద గీతలు పెట్టుకో. ఆమె ఏ బటన్ నొక్కిందో దానికంటే, బటన్ లేక ఏ పని చేత్తో చేసుకుంటోందో అది రాసుకో.

మాచవరం_మాస్టారు | మంగళవారం ఉదయం 7:45

బటన్ ఎంత పెద్దదుండాలి, ఎంత దూరంలో ఉండాలి అన్నదానికి ఒక సూత్రం కూడా ఉంది. 1954లో పాల్ ఫిట్స్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త చెప్పాడు. గురి దూరంగా ఉన్నా, చిన్నదిగా ఉన్నా చెయ్యి అక్కడికి చేరడానికి ఎక్కువ సమయం పడుతుంది. మెకింతోష్‌లో మెనూ బార్ స్క్రీన్ పై అంచుకి అతుక్కుని ఉండటంలో లాభం అదే, మౌస్‌ని ఎంత విసురుగా పైకి తోసినా అంచు దాటిపోదు, అక్కడే ఆగుతుంది. ఎంచుకున్న మాట పక్కనే చిన్న టూల్‌బార్ తేలుతూ వస్తుంది చూడండి, అది కూడా దూరం తగ్గించే ఎత్తే. నాకైతే అది ఈగలాగా అనిపిస్తుంది, అది వేరే సంగతి.

ఇంకోటి. షాపు కంప్యూటర్ తెర 1366 బై 768 అయితే అడ్డం ఎక్కువ, నిలువు తక్కువ. దస్తావేజు పేజీ ఏమో నిలువు. పైన రెండు వరుసలు పేర్చుకుంటూ పోతే ఆమెకి పేజీలో కనపడేది సగమే. కుడి పక్కన ఖాళీగా పడి ఉన్న చోటు వాడు.

కృష్ణలంక_కోడర్ | ఆదివారం రాత్రి 8:15

పద్మక్కా, మీ మాట విని నిన్న గుంటూరు వెళ్లొచ్చా. పది గంటల నుంచి భోజనాల దాకా స్టూలు మీదే. చెప్తే మీరు నమ్మరు, నేను ముచ్చటపడి మొట్టమొదట పెట్టిన "కొత్త ఫైలు" బటన్ అక్క ఒక్కసారి కూడా నొక్కలేదు! కొత్త దస్తావేజు అంటూ ఏదీ ఉండదు అక్కడ. పోయిన వారం చేసిన క్రయ దస్తావేజు తెరుస్తుంది, వేరే పేరుతో సేవ్ చేస్తుంది, అమ్మేవాళ్ల పేరు, కొనేవాళ్ల పేరు, సర్వే నంబరు, నాలుగు హద్దులు మార్చుకుంటూ పోతుంది. అదీ కళ్లతో వెతుక్కుంటూ. "వెతికి మార్చు" అనేది నేను సవరణ మెనూలో తొమ్మిదో వరుసలో పెట్టా, అది ఉన్నట్టు ఆమెకి తెలియనే తెలియదు. ఓసారి పాత పార్టీ తండ్రి పేరు ఒక చోట మిగిలిపోయి రిజిస్ట్రేషన్ దగ్గర వెనక్కి వచ్చిందట, అప్పటి నుంచి ప్రతిదీ మూడుసార్లు చదువుతుంది.

రెండోది స్టాంపు పేపరు. పైన ముద్ర ఉన్న భాగం వదిలేసి మేటరు కిందనుంచి మొదలవ్వాలి కదా. అక్క ఏం చేస్తుందంటే ఎంటర్, ఎంటర్, ఎంటర్. లెక్కపెట్టా, 17 ఎంటర్లు. తర్వాత పైన ఒక మాట చేర్చితే లైను తప్పుతుంది, మళ్లీ రెండు ఎంటర్లు తీసేస్తుంది. ప్రింటు కూడా ఒకేసారి ఇవ్వదు. మొదటి పేజీ స్టాంపు పేపరు మీద, మిగతావి మామూలు కాగితం మీద, అందుకని రెండు దఫాలు.

మూడోది వాట్సాప్. పార్టీలు వివరాలన్నీ అందులోనే పంపుతారు. అక్కడ కాపీ చేసి ఇక్కడ పేస్ట్ చేస్తే ఫాంటు, సైజు అన్నీ మారిపోతాయి, మళ్లీ సరిచేసుకుంటుంది. పాత ఫైళ్ల నుంచి తెస్తే ఇంకా ఘోరం, అవి అను అనే పాత తరహా తెలుగు ఫాంట్లలో చేసినవి, యూనికోడ్ (ఇప్పుడు అంతా వాడే అక్షరాల పద్ధతి) పేజీలో పడగానే ఇంగ్లిష్ పిచ్చి గీతల్లా వస్తాయి. వాటిని చూసి మళ్లీ మొత్తం కొడుతుంది పాపం.

ఏలూరురోడ్_డీటీపీ | ఆదివారం రాత్రి 9:00

ఇదీ అసలు మేటరు. నాలుగు బటన్లు దొరికాయి నీకు. స్టాంపు పేపరు ఖాళీ, పార్టీ పేర్లు మార్చు, ఉత్తి మేటరుగా పేస్ట్, అను నుంచి యూనికోడ్. ప్రపంచంలో ఏ వర్డ్ ప్రాసెసర్ టూల్‌బార్ మీదా ఇవి ఉండవు, గుంటూరులో మాత్రం బోల్డ్ కంటే ఇవే ముందు. నీ రంగుల పాలెట్టు, నీడల బటను తీసి మెనూలో పడెయ్. తీసేయడం వేరు, మెనూలో పెట్టడం వేరు, మెనూలో ఉన్నదాని గురించి ఎవరూ ఏడవరు.

ఫాంటు గడి ఒక్కటే పెట్టి ఉంటావు, రెండు పెట్టు. లిబ్రే ఆఫీస్ ఇంగ్లిష్ అక్షరాలకి ఒక ఫాంటు, తెలుగు లాంటి లిపులకి ఇంకో ఫాంటు విడివిడిగా గుర్తుపెట్టుకుంటుంది, వర్డ్ ఫాంటు డైలాగ్‌లో కూడా కాంప్లెక్స్ స్క్రిప్ట్స్ అని వేరే గడి ఉంటుంది. లోపల రెండున్నప్పుడు పైన ఒక గడే చూపిస్తే, ఒకే లైనులో తెలుగూ పాన్ నంబరూ ఉన్నప్పుడు ఆ గడి ఎవరి పేరు చెప్పాలి? తెలుగు అని ఒకటి, ఇంగ్లిష్ అని ఒకటి, పక్కపక్కన.

బెంజిసర్కిల్_డిజైనర్ | ఆదివారం రాత్రి 9:40

ఫాంటు గడుల మాట నూటికి నూరు పాళ్లు కరెక్టు. ఇక బటన్ల మీద ఏం రాస్తున్నావు? బి, ఐ, యు అనే ఇంగ్లిష్ అక్షరాలేనా? జర్మన్ వర్డ్‌లో అవి ఎఫ్, కె, యు. ఫ్రెంచ్‌లో జి, ఐ, ఎస్. ఎవరి భాషలో మాటకి వాళ్ల మొదటి అక్షరం.

బ్రాడీపేట_బాబాయ్ | ఆదివారం రాత్రి 10:05

అయితే మనది బొద్దు, వాలు, గీత. "బొ", "వా", "గీ". బొవాగీ! ఏదో ఊరి పేరులా ఉంది.

ప్రూఫుల_పద్మక్క | ఆదివారం రాత్రి 10:20

వాలు బటన్ అసలు ఎందుకు? తెలుగు అచ్చులో వాలు అక్షరం మన అలవాటు కాదు, ఇంగ్లిష్ ఇటాలిక్‌లా దానికి వేరే అందం లేదు, నిలబడ్డ అక్షరాన్ని పక్కకి తోసినట్టుంటుంది. గీత కూడా ఆలోచించే పెట్టు. "స్త్రీ", "లక్ష్మి" కింద గీత కొట్టి చూడు, వత్తుల మీదుగా పోతుంది, ఏది వత్తో ఏది గీతో తెలియదు. గీత పెట్టేటట్టయితే వత్తు కింద నుంచి పోనివ్వు, లేకపోతే బోల్డ్ ఒక్కటి చాలు.

మెనూ పేర్లకి దస్త్రం, సవరణ, వీక్షణం, చొప్పించు అని మరీ పుస్తకాల భాష వాడకు. ఆ అక్క రోజంతా ఫైలు అనే అంటుంది. దస్త్రం అని రాస్తే ఆమె దస్తావేజు అనుకుంటుంది, షాపులో గందరగోళం. ఫైలు అను. చొప్పించు అనే మాట నాకెప్పుడూ గడ్డి గుర్తు తెస్తుంది. "చేర్చు" చాలదూ?

మాచవరం_మాస్టారు | సోమవారం ఉదయం 7:30

బటన్ల ఎత్తు చూసుకోండి. ఇంగ్లిష్ మాటకి కట్టిన ఎత్తులో "చేర్చు" పెడితే కింద వత్తు తెగుతుంది, నేను చాలా చోట్ల చూశా. ఇంకో తలనొప్పి ఆల్ట్ కీ. ఇంగ్లిష్‌లో ఫైల్ అనే మాటలో ఎఫ్ కింద గీత పెడతారు, ఆల్ట్ ఎఫ్ నొక్కితే తెరుచుకుంటుంది. తెలుగు మెనూలో ఆ అక్షరం లేదు కదా, అందుకని కొన్ని అనువాదాల్లో తెలుగు మాట పక్కన బ్రాకెట్లో ఇంగ్లిష్ అక్షరం వేస్తారు. చూడ్డానికి బాగోదు, కానీ చెయ్యి మౌస్ మీదికి పోకుండా పని అవుతుంది, ఉంచండి.

కృష్ణలంక_కోడర్ | శుక్రవారం రాత్రి 11:30

ఘోరం జరిగిపోయింది. డిజైనర్ అన్న ఆఫీస్ 2000 కథ చెప్పాడు, చదివా, తలూపా, తలూపి కూడా అదే పని చేశా. ఎక్కువ నొక్కిన బటన్ దానంతటదే ముందుకు వచ్చేలా రాసి బుధవారం అప్‌డేట్ పంపా. గురువారం అక్క వరసగా చాలా ప్రింట్లు ఇచ్చిందట, ఇవాళ పొద్దున్న తెరిచేసరికి ప్రింటు బటన్ వచ్చి సేవ్ ఉండే చోట కూర్చుంది. అక్క చూడకుండా అలవాటుగా అక్కడ నొక్కింది. ప్రింటర్లో పార్టీ పేరు మీద కొన్న స్టాంపు పేపరు పెట్టి ఉంది, కొనేవాళ్ల పేరు ఇంకా కొట్టలేదు, సగం దస్తావేజు దాని మీద అచ్చయిపోయింది. పార్టీ ఎదురుగానే బెంచీ మీద ఉన్నాడు. మళ్లీ స్టాంపు పేపరు తెచ్చేసరికి రిజిస్ట్రేషన్ టైం దాటి సోమవారానికి వాయిదా పడింది. మా అన్న ఫోన్ చేసి ఏం మాట్లాడలేదు, "పాతది పెట్టెయ్ రా" అన్నాడంతే. తిట్టి ఉంటే బాగుండేది.

బెంజిసర్కిల్_డిజైనర్ | శుక్రవారం రాత్రి 11:55

ముందు ఆ కదిలే కోడు పీకెయ్, రాత్రికి రాత్రే. అక్క బటన్‌ని చదివి నొక్కట్లేదు తమ్ముడూ, మన ఇంట్లో చీకట్లో స్విచ్చు ఎక్కడుందో తడమకుండా నొక్కుతామే, అలా నొక్కుతోంది. లిస్టులో ముందుకి రావాల్సినవి ఏవైనా ఉంటే ఈమధ్య తెరిచిన ఫైళ్లు, అంతే. పని చేయని బటన్ కూడా మాయం చెయ్యకు, రంగు తగ్గించి అక్కడే ఉంచు.

రెండోది, ప్రింటు బటన్ సేవ్ పక్కన ఉండకూడదు, నడుమ ఎడం ఇవ్వు. వర్డ్ 2003లో టూల్‌బార్ మీది ప్రింటు నొక్కితే ఏం అడక్కుండా కాగితం వచ్చేసేది, ఫైలు మెనూలో ఉన్న ప్రింటేమో డైలాగ్ తెరిచేది. మెనూలో మాట చివర మూడు చుక్కలు ఉంటే "ఇంకా అడిగేది ఉంది" అని అర్థం. నీ షాపులో కాగితం ఖరీదు స్టాంపు ఖరీదు, కాబట్టి టూల్‌బార్ ప్రింటు కూడా మూడు చుక్కల ప్రింటే కావాలి. డైలాగ్‌లో రెండే పెద్ద బటన్లు పెట్టు, "మొదటి పేజీ, స్టాంపు పేపరు మీద" ఒకటి, "మిగతావి, మామూలు కాగితం" ఒకటి. అన్‌డూ మీద కూడా ఏది వెనక్కి పోతుందో రాయి, ఉత్తి బాణం కాకుండా "పేరు మార్పు వెనక్కి" అని. ప్రింటుకి మాత్రం అన్‌డూ లేదు.

కృష్ణలంక_కోడర్ | ఆదివారం సాయంత్రం 6:10

చేశా. ఇప్పుడు ఒకటే వరుస, 14 బటన్లు. ఎడమ చివర తెరువు, వేరే పేరుతో సేవ్, సేవ్. తర్వాత పేర్లు మార్చు, ఉత్తి పేస్ట్, అను మార్పిడి, వెనక్కి, ముందుకి. తర్వాత రెండు ఫాంటు గడులు, సైజు, బోల్డ్. స్టాంపు పేపరు ఖాళీ. కుడి చివర ఒంటరిగా మూడు చుక్కల ప్రింటు. వాలు తీసి మెనూలో పెట్టా. అన్నీ చోటు కదలవు. బొమ్మ కింద చిన్న అక్షరాల్లో మాట కూడా ఉంటుంది, ఎత్తు పెంచా, వత్తులు తెగట్లేదు. అక్కకి ఈ లింకు పంపా, వస్తానంది.

గుంటూరు_షాపక్క | ఆదివారం రాత్రి 9:25

నమస్తే అండీ, ఆ తిట్టిన అక్కని నేనే. పేర్లు మార్చు బటన్ చాలా బాగుంది, ఎన్ని చోట్ల మారిందో కూడా చెప్తోంది, 11 చోట్ల అని వస్తే నాకు ధైర్యంగా ఉంది. స్టాంపు ఖాళీ కూడా బాగుంది కానీ నా వేలు ఇంకా ఎంటర్ మీదికే పోతోంది. సేవ్ బొమ్మ ఏంటో మా పిల్ల అడిగింది, నేను ఫ్లాపీ అని చెప్తే అదేంటి అంది, కింద సేవ్ అని రాశావు కాబట్టి సరిపోయింది. ఒక్క మాట తమ్ముడూ. బుధవారం మంచి రోజు, రిజిస్ట్రేషన్లు బాగా ఉన్నాయి, పది దాకా దస్తావేజులు కొట్టాలి. ఆ రోజు మాత్రం నువ్వు ఏ అప్‌డేటూ పంపకు.

కృష్ణలంక_కోడర్ | ఆదివారం రాత్రి 9:27

పంపనక్కా. గురువారం కూడా పంపను.